ఉస్తాదు పకడ్

సుసన్న గుడ్డసంచి నోరు తెరిచి పట్టుకుంది. కొడుకు యోబు చొక్కా, ధోవతి, దువ్వెన అందులో వేసి, మళ్ళీ చొక్కా బయటికి తీశాడు.

"నేను పట్నం పోనే అవ్వా."

"పోతవ్." తల్లి చొక్కాను లాక్కొని సంచిలో కుక్కింది.

"మిల్లు సావుకారి రేపటిసంది పనికి రమ్మంటుండు. డైనమో తెచ్చిండు, గాజు బుగ్గలు తెచ్చిండు. ఇబ్రహీంపట్నంల మొదటి కరెంటు దీపం నా చేత్తోని వెలుగుతదే! పట్నంల ఇంకెన్నాళ్ళు ఒకరి నిచ్చెన మొయ్యాలె?"

"గా మిల్లుల ఎవరు దిగిన్రో కనవడ్తలేదా?"

మిల్లులో పదిహేను రోజులుగా రజాకార్లు మకాం పెట్టారు. వాళ్ళకు దీపాలు పెట్టినవాణ్ని, రజాకార్లతో పోరాడే సంఘంవాళ్ళు వదలరు. పెట్టనంటే రజాకార్లే వదలరు. ఆ సంగతి యోబుకూ తెలుసు. కానీ వాడికి ఇరవై రెండేళ్ళు.

"బుగ్గ కింద ఎవడు కూసుంటే నాకేంది? బుగ్గ వెలిగిందా లేదా, గంతే."

"గదంత కాదు. ఉస్తాదు పకడ్ ఇచ్చిండా?"

పకడ్ అంటే తీగలు పట్టి కోసే పనిముట్టు. పట్నంలో చెన్నయ్య ఉస్తాదు దగ్గర కరెంటు పని నేర్చుకునేవాళ్ళకు అదొక్కటే పట్టా. మొదటి ఏడు నిచ్చెన మోయాలి. రెండో ఏడు గోడలకు కన్నాలు కొట్టి చెక్కబిళ్ళలు దిగగొట్టాలి. మూడో ఏడు తీగ ముట్టనిస్తాడు, అదీ ముందు చేతి వెనకవైపుతోనే. ఇక వీడికి పని వచ్చిందనుకున్న రోజున, తాను తీగలు కోసిన పకడ్‌కు కొత్త సైకిల్ ట్యూబు చుట్టి శిష్యుడి చేతిలో పెడతాడు. అది లేకుండా సొంతంగా ఒక్క బుగ్గ పెట్టినా మళ్ళీ గడప తొక్కనివ్వడు.

"ఇయ్యలే. దసరాకు చూద్దామన్నడు."

"మరి? సగం నేర్చిన చెయ్యిని కరెంటు గుర్తువడ్తదని నువ్వే చెప్పినవ్. పో. పకడ్ తీసుకొనే రా."

గడపలో నిలబడ్డ పక్కింటి మాణిక్యమ్మ నవ్వింది. "కొడుకును గిట్ల తరుముతరా సుసన్నా? బస్సులు బంద్ అయినయి. పిలగాడు నడుచుడేనా?"

"రావిర్యాల దాక శివయ్య బండి పోతుంది. ఆడికెల్లి ఎవరన్న తోడు దొరుకుతరు."

"అయితే నాకొక బుగ్గ తే రా యోబూ. ఇరవై ఏండ్లసంది మా ముసలోని మొకం చీకట్లనే చూస్తున్న."

"వెలుతుర్ల చూసినంక కాపురం చేస్తవా అత్తా?"

ఆ నవ్వుతోనే యోబు మూలనున్న జొన్నల కుండ మీదికి వంగాడు. "ఉస్తాదుకు రెండు సేర్లు తీసుకపోత. ఆయనకు మన జొన్నలంటే పానం."

"నువ్వు చెయ్యి పెట్టకు!" సుసన్న అరిచినంత పని చేసింది. "ఒలకపోస్తవ్. నేను తీస్త."

పైపైన నాలుగు దోసిళ్ళు తీసి మూట కట్టింది. ముడి విప్పి మళ్ళీ కట్టింది. మళ్ళీ విప్పి కట్టింది.

బండి కదిలాక యోబు వెనక్కి తిరిగి కేకేశాడు. "అవ్వా, సావుకారికి చెప్పు! దసరాకు నేనే వచ్చి పెడత, ఇంకోన్ని పిలవద్దని!"

సుసన్న తల ఊపింది.

మూడో రోజున యూనియన్ సైన్యం వస్తోందన్నారు. శుక్రవారానికి మిల్లు ఖాళీ అయింది. రజాకార్లు పొయ్యి మీది అన్నం కూడా వదిలేసి పోయారు. బుగ్గలు గడ్డిలో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి.

"ఇగ ఫికర్ లేదు, కొడుకును పిలిపించుకో," అంది మాణిక్యమ్మ.

పిలిపించే పని లేకుండా సోమవారం చెన్నయ్య ఉస్తాదే వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద.

"యోబు ఏడమ్మా? మిల్లు కాడ ఉన్నడా?"

సుసన్న ఆయన వెనక చూసింది. ఎవరూ లేరు. "నీ కాడికే వచ్చిండు గదన్నా. తొమ్మిది దినాలాయె."

"నా కాడికా? రాలే." ఉస్తాదు అరుగు మీద కూర్చోబోయి ఆగాడు. "అసలెందుకొస్తడు? పకడ్ పంపితి గదా! ‘నీకు పని పూరాగ వచ్చింది, పట్నంల దినాలు మంచిగ లేవు, ఇటు రాకు, ఊర్లనే సొంతంగ చేసుకో’ అని ఉప్పుబండాయనతోని చెప్పిస్తి. నీ చేతికే ఇచ్చిననన్నడు. ఇయ్యలేదా?"

"ఇచ్చిండు."

సుసన్న లోపలికి వెళ్ళి జొన్నల కుండలో మోచేతి దాకా చెయ్యి దించింది. కొత్త సైకిల్ ట్యూబు చుట్టిన పకడ్ తెచ్చి ఆయన కాళ్ళ ముందు నేల మీద పెట్టింది.

"వాని చేతికిస్తే మిల్లుకు పోతుండె అన్నా. నీ కాడుంటే బతుకుతడనుకున్న."

ఉస్తాదు పకడ్‌ను ముట్టుకోలేదు.

1948 సెప్టెంబరు పదకొండు, శనివారం నాడు రావిర్యాలలో శివయ్య బండి దిగిన యోబు తిరిగి రాలేదు.