పీతయ్య ఊడ్చేసిన ఉయ్యాలలు

మురికంటే పీతయ్యకి ఒళ్లు మంట. కొండ చాటున సముద్రం ఒంపు తిరిగే చోట, అడుగంతా ఊడ్చేది అతనూ అతనివాళ్లే. ఆల్చిప్ప ఏదైనా చనిపోతే మైల అని, దాని పెంకుని ఆ రోజే ఒడ్డుకి ఈడ్చి పడేసేవాళ్లు.

ఒకప్పుడు కుప్పలుగా ఉన్న ఆల్చిప్పల్లో ఇప్పుడు నలుగురు ముసలాళ్లే మిగిలారు. ఏటా వానాకాలంలో పుట్టే నలుసంత పిల్లలు కొన్నాళ్లు నీళ్లలో తేలి, అంటుకోడానికి గట్టి చోటు దొరక్క బురదలో కూరుకుపోయేవి.

ఈసారి వానలకి ముందే అందరిలోకీ పెద్దదైన ఆల్చిప్ప అవ్వ పిలిచింది. “ఒరే పీతయ్యా, ఒడ్డున పడేసిన పెంకులన్నీ మళ్లీ లోపలికి తేరా.”

“చచ్చినవాళ్ల పెంకులా? నీకు మతి పోయిందా అవ్వా?”

“వంగి నా కిందకి చూడు.”

పీతయ్య చూశాడు. అవ్వ అంటుకుని ఉన్నది ఒక పాత తెల్లటి పెంకు మీద.

“అది మా అమ్మమ్మరా. నన్ను బతికించింది ఆవిడే. నువ్వు ఇన్నాళ్లూ ఊడ్చేసింది మా పసివాళ్ల ఉయ్యాలల్ని.”

సముద్రం పోటెక్కగానే పీతయ్య ఒడ్డెక్కి పెంకులు ఈడ్చుకురావడం మొదలెట్టాడు. “పెద్దాయన చాదస్తం తిరగబడిందిరోయ్!” అని తక్కిన పీతలు నవ్వాయి. నవ్వుతూనే తలో పెంకూ పట్టాయి.

వానలొచ్చాయి. పెంకుల కుప్ప నిండా పిల్లలు అంటుకున్నాయి. చూద్దామని పీతయ్య హడావిడిగా కుప్ప ఎక్కబోయాడు.

“మెల్లగా నాయనా! కాళ్ల కింద పసివాళ్లున్నారు,” అంది అవ్వ నవ్వు ఆపుకోలేక.

ఎనిమిది కాళ్లనీ ఒకేసారి మునివేళ్ల మీద నడిపించడం ఎంత కష్టమో పీతయ్యకి ఆ రోజే తెలిసింది. అయినా రోజూ వస్తూనే ఉన్నాడు.