ఎవరికీ చెప్పని ఫోన్

చిన్నపోలయ్య తన ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు.

"ఇది నన్ను పట్టిస్తుండాది బక్షూ" అన్నాడు.

అల్లూరు సెంటర్లో ఉన్న ఆ సెల్ రిపేరు కొట్టు యాసీన్‌ది. అల్లాబక్షు అతని తండ్రి. అదే కొట్టులో గడియారాలు బాగుచేసేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. చిన్నపోలయ్య నోటికి మాత్రం ఆ పేరే వస్తుంది. యాసీన్ సరిదిద్దడు. పలుకుతాడు.

ముందు టీ తెప్పించాడు. తర్వాత విన్నాడు.

చిన్నపోలయ్య పల్లె జువ్వలదిన్నె. దాని దరి నుంచి కొంత దూరం సముద్రం లోపలికి పోతే, నీళ్ల అడుగున రాళ్లున్న చోటు ఒకటుంది. అక్కడ వంజరం చేప పడుతుంది. ఆ చోటు చిన్నపోలయ్యకు వాళ్ల నాయన చూపించాడు. పల్లెలో ఎవరినైనా ఏమైనా అడగొచ్చు గానీ, వల ఎక్కడ వేశావని మాత్రం అడగరు. అడిగినా చెప్పరు. అలాంటిది, ఈ మధ్య తను ఎప్పుడు అక్కడికి పోయినా కాసేపటికి నీలం పడవ ఒకటి వచ్చి దూరంగా ఆగుతోంది. అది వెంకయ్యది. వెంకయ్య పరాయివాడు కాదు. భార్య పిచ్చమ్మకు తోడబుట్టిన అన్న.

"వచ్చి వల ఏస్తాడా మామా?"

"ఏస్తే కొట్లాడేదానికైనా ఉంటాది. ఏయడు. ఇంజను ఆపుకోని నన్నే చూస్తా కూర్చుంటాడు. చోటు గుర్తు పెట్టుకుంటుండాడు. నేను లేనప్పుడు వచ్చి ఊడ్చుకోని పోతాడు."

మొదట క్రీస్తురాజును అనుమానించాడు. ఏళ్ల తరబడి తన పడవలో తోడు వచ్చిన మనిషి. ఎక్కడో నోరు జారి ఉంటాడని, ఇంక రావద్దన్నాడు. క్రీస్తురాజు కళ్లనీళ్లు పెట్టుకుని పడవ దిగిపోయాడు. చిన్నపోలయ్య ఒంటరిగా వేటకు పోయాడు. అయినా నీలం పడవ వచ్చింది. ఇక పడవలో మిగిలింది తనూ, ఈ ఫోనూ.

యాసీన్ ఫోన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. దీంట్లో సగం యాప్‌లు మనం ఎక్కడ తిరుగుతున్నామో ఎవరికో ఒకరికి చెబుతూనే ఉంటాయని ఒప్పుకున్నాడు. అంతా చెరిపేసి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తానన్నాడు. ఓపెన్ సోర్స్‌ది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, లోపల ఏముందో ఎవరైనా చూసుకోండి అని వదిలేసినది.

"దాపరికం లేనిదా?"

"లేనిది మామా."

"మా ఇంట్లో వాళ్లకంటే మేలు."

మొదటిది ఎక్కించాడు. దాంతో కెమెరా పనిచేయలేదు గానీ ప్రకటనలు ఆగిపోయాయి. పొద్దున లేవగానే అది కొను, ఇది కొను అని సతాయించే ఫోన్ ఊరకుంది. చిన్నపోలయ్యకు అదే పెద్ద ఊరట. అయితే తెర తెరవడానికి గీసే గీత దానికి నచ్చేది కాదు. ఎన్నిసార్లు గీసినా తెరుచుకునేది కాదు. కొత్తది తన గీతను మింగేసిందని వచ్చి చెప్పాడు. పైగా నీలం పడవ మళ్లీ వచ్చిందన్నాడు.

యాసీన్ రెండోది ఎక్కించాడు. ఈసారి గీతే లేకుండా చేశాడు. అక్షరాలు పెద్దవి చేశాడు. దీంతో వచ్చిన చిక్కు, మాట మధ్యలో తెగిపోవడం. వల వేసే వేళకు పిచ్చమ్మ ఫోన్ చేసి, యాడుండావని అడిగేది. తెగిపోయేది. మళ్లీ చేసేది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఎన్నడూ అలా అడిగి ఎరగదు. ఎవరి కోసం అడుగుతోందో చిన్నపోలయ్యకు ఆ రోజు అర్థమైంది. తలెత్తి చూస్తే, నీలం పడవ.

ఇంటికి పోయి, చేపల పులుసుతో ఆమె అన్నం పెడుతుంటే అడిగేశాడు, మీ అన్నకు చెప్పేది నువ్వేనా అని. పిచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ అన్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు అల్లూరు వచ్చాడు. ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు. ఇది నన్ను పట్టిస్తుండాది బక్షూ అని, రాళ్ల చోటు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. యాసీన్ టీ తెప్పించి, అంతా విన్నాడు.

మూడోది ఎక్కించాడు. ఇది కుదిరింది. కెమెరా పనిచేసింది. మాట తెగలేదు. చిన్నపోలయ్య ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"సముద్రంలో నాకంటూ ఉండేది ఆ ఒక్క చోటే అబ్బయ్యా" అన్నాడు. "పడవ అమ్మేయమని అందరూ ఒకటే పోరు. అది గూడా పోతే నేను దరిన కూర్చోని ఈగలు తోలుకోవాల. కట్టుకున్నదే కలిసిపోయినాక ఎవురిని నమ్మేది?"

యాసీన్ ఛార్జర్ వైరును చుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ చుట్టాడు.

"ఇంక నేను యాడుండేదీ ఎవురికీ తెలవదు గదా?"

"తెలవదు మామా."

"నీ మాట నమ్ముతుండా. నమ్మేదానికి ఇంక నువ్వొక్కడివే మిగిలినావు."

చిన్నపోలయ్య ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి వేసుకుని లేచాడు. యాసీన్ కూడా వెంట నడిచాడు. జువ్వలదిన్నె వైపు పోయే ఆటోలో నీడ పడే పక్కన కూర్చోబెట్టాడు. ఇంటి ముందు దాకా పోయి దింపమని డ్రైవరుకు తనే చెప్పాడు.

ఆటో మలుపు తిరిగాక పిచ్చమ్మకు ఫోన్ చేశాడు.

"దీంట్లో గూడా పెట్టినా అత్తా. మామ యాడుండేదీ మీ అన్న ఫోన్‌లో కనపడతా ఉంటాది."

అవతల పిచ్చమ్మ ఏడుస్తోంది. ఆయనకు తను ద్రోహిలా కనబడుతున్నానని అంటోంది.

"నింద పడనీ అత్తా, నామీద గూడా పడనీ" అన్నాడు యాసీన్. "మొన్నటి మాదిరి మామ దరి ఏ పక్కనుండాదో మరిచిపోయి లోపలికి లోపలికి పోతా ఉంటే, పడవ ఎనక్కి తిప్పుకొచ్చేదానికి ఎవురో ఒకరు కనిపెట్టుకోని ఉండాల గదా."