పదకొండూ నలభై ఫైలు

ఆడియో ఫైళ్ళ పేరు, తేదీ, నిడివి చదివే ప్రోగ్రాం మాది. ఆ రాత్రి ఆఫీసులో నేనొక్కడినే ఉన్నాను. వారం కిందట వచ్చిన ఫైలొకటి, ఈ రాత్రే పదకొండూ నలభైకి రికార్డు చేసినట్టు చూపిస్తోంది. అప్పటికి టైము పదకొండున్నరే. తేదీ చదివే కోడు మూడోసారి తిరగరాశాను. అదే పదకొండూ నలభై, నిడివి అయిదు నిమిషాలు. విసుగుతో జుట్టు పీక్కున్నాను.

సరిగ్గా నలభైకి ఇంటి నుంచి అక్క ఫోన్ చేసింది.

"ఇంకా అక్కడేనారా? వంటంతా చల్లారిపోయింది."

"ఒక దిక్కుమాలిన ఫైలు నా ప్రాణం తోడేస్తోందక్కా."

"అందులో ఏముందో విన్నావా మరి?"

వినలేదు. మా పనిలో ఎవరూ వినరు. డబ్బా మీది చీటీ చదవడమే తప్ప మూత తీసి చూడం. "ఉండు" అని ఫోన్ పక్కన పెట్టి ఫైలు మోగించాను. టకటకమని కీబోర్డు చప్పుడు. ఆ తర్వాత నా గొంతే: "ఒక దిక్కుమాలిన ఫైలు నా ప్రాణం తోడేస్తోందక్కా."

ఎవడో వేళాకోళం ఆడుతున్నాడని ఒళ్ళు మండింది. ఫైలుని చివరికి జరిపాను. లిఫ్టు ఆగిన చప్పుడు, దగ్గరికొస్తున్న అడుగులు, తలుపు కిర్రుమనడం. మళ్ళీ నా గొంతు, ఈసారి ఆశ్చర్యంగా: "అక్కా, నువ్వెప్పుడొచ్చావు?" అక్కడితో ఫైలు అయిపోయింది.

"ఇంట్లోనే ఉన్నావు కదక్కా?" అని ఫోనులో అడిగాను.

"ఇంకెక్కడుంటాను? నీ కంచం ముందు కూచున్నా."

గడియారంలో పదకొండూ నలభై నాలుగు. బయట లిఫ్టు ఆగింది. ఆ ఒక్క మాటా పైకి రానివ్వకూడదని పళ్ళు బిగబట్టాను.

తలుపు కిర్రుమంది. నోరు నా మాట వినలేదు.