ఎర్రపట్టీ, పసుపుపట్టీ

"అమ్మా, ఆ కెమెరా కొంటే దాన్ని మోయడానికి ఇంకో మనిషిని కూడా పెట్టుకోవాలి మీరు," అన్నాడు ఎర్రపట్టీ.

"ఆయన కెమెరా తేలికేనమ్మా. చూసినవాళ్లు పిల్లల బొమ్మేమో అనుకుంటారు," అంది పసుపుపట్టీ, ఎదురు కౌంటర్ మీంచి వంగి.

షాపులో అందరూ వాళ్లను పిలిచే పేర్లవే. అతను అమ్మే కెమెరాలకు మెడలో వేసుకునే పట్టీ ఎరుపు. ఆమె అమ్మేవాటికి పసుపు. రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన డీఎస్ఎల్ఆర్‌లే. ధర కూడా దాదాపు ఒకటే. కొనేవాళ్ల బుర్ర తిరిగిపోవడానికి ఇంకేం కావాలి?

ఓనర్ పొద్దున్నే తేల్చేశాడు. "సమానంగా అమ్మినన్నాళ్లూ ఇద్దరినీ ఉంచాను. నెల లెక్క ఇవాళ్టితో ఆఖరు. ఎవరు వెనకబడితే వాళ్ల కౌంటర్ రేపుండదు." చీకటిపడే వేళకి ఇద్దరూ సరిసమానం. మిగిలిన ఒకే ఒక్క బేరం ఈ పెద్దావిడ.

"మా మనవరాలు పరుగు పందేలకెళ్తుంది," అందావిడ. "ఫోన్‌లో తీస్తే దెయ్యం పోతున్నట్టు పడుతోంది."

"మాది తీసుకోండి," అన్నాడు ఎర్రపట్టీ. "స్క్రీన్ బయటికి తిరుగుతుంది. నేలమీద పడుకోకుండానే కిందనుంచి తీయొచ్చు."

"ఈ వయసులో ఆవిడ నేలమీద ఎందుకు పడుకుంటారండీ?"

"మీ దాంట్లో ఆ మీటలన్నీ అర్థమయ్యేలోపు పందెం అయిపోతుంది."

"మీ దాంట్లో ఫోకస్ కుదిరేలోపు ఆ పిల్లకి పెళ్లయిపోతుంది."

పెద్దావిడ పగలబడి నవ్వింది. "ఇంట్లో కూడా ఇంతేనా మీరిద్దరూ?"

"అయ్యో, మేం ఒకరికొకరం ఏమీ కామండీ," అంది పసుపుపట్టీ. "నా ఖర్మకొద్దీ ఎదురు కౌంటర్, అంతే."

పెద్దావిడ రెండు కెమెరాలూ చేతుల్లోకి తీసుకుని తూచినట్టు చూసింది. తర్వాత అతనివైపు తిరిగింది. "బాబూ, కంపెనీ సంగతి పక్కన పెట్టు. నీ కూతురే పరిగెడుతుంటే నువ్వేది పట్టుకెళ్తావు?"

అతను ఎదురుగా చూశాడు. పసుపుపట్టీ అప్పటికే మెరుస్తున్న లెన్సును మళ్లీ తుడుస్తోంది. ఆ కౌంటర్ రేపు ఖాళీగా ఉంటుందన్న ఊహ అతనికి మింగుడుపడలేదు. దానికితోడు, ఆవిడ అడిగింది నిజం.

"పసుపుపట్టీదేనమ్మా," అన్నాడు. "పరిగెత్తే పిల్లని అదే బాగా పట్టుకుంటుంది."

బిల్లయింది. పెద్దావిడ సంచీ ఊపుకుంటూ వెళ్లిపోయింది. అతను సొరుగులోంచి తన నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా తీసి బ్యాగులో సర్దుకోసాగాడు.

"ఎందుకలా చెప్పారు?" అంది ఆమె, అతని కౌంటర్ దగ్గరికొచ్చి.

"నిజం కాబట్టి."

"అమ్ముకునేవాడు అలాగేనా మాట్లాడేది? కాస్తయినా బుద్ధుందా?"

"రేపట్నుంచి మీకు నాతో ఆ బాధ ఉండదుగా."

ఆమె విసురుగా తన కౌంటర్‌కి వెళ్లి సొరుగులన్నీ దడదడ లాగింది. గెలిచిందిగా, ఇంకా ఎందుకీ కోపం అనుకున్నాడు అతను. షట్టర్ సగం దిగింది. "ఇంకెవరివైనా బిల్లులున్నాయా, లెక్క కట్టేస్తున్నా," అని కేషియర్ కేకేశాడు.

అతని ముందున్న గాజుబల్ల మీద టప్పున ఓ బ్యాంకు కార్డు పడింది. తలెత్తి చూస్తే పసుపుపట్టీ.

"ఎర్రపట్టీ కెమెరా ఒకటి. నా పేరు మీద," అంది. "నోరు తెరుచుకుని చూడకండి, ముందు బిల్లు కొట్టండి. లెక్క సమం కాకపోతే రేపు నేనెవరితో పోట్లాడాలి?"