పిట్టల్నే చూడండి

"ఎవరూ నోరు తెరవొద్దు, కదలొద్దు. పిట్టల్నే చూడండి," అన్నాడు బావ గుసగుసగా. మా అక్క మొగుడు పళ్ల డాక్టరు. వారమంతా నోరు తెరవండని బతిమాలే మనిషి, సెలవు రోజుల్లో మాత్రం మా నోళ్లు కట్టేస్తాడు. ఇందాక క్లినిక్ నుంచి ఫోనంటూ పక్కకెళ్లి వచ్చాక మరీ కఠినంగా తయారయ్యాడు.

శరత్కాలంలో వలసొచ్చే పిట్టల్ని చూద్దామని మా బృందమంతా సముద్రంలోని ఇసుకమేట మీద నిలబడి ఉంది. ఉల్లంకి పిట్టలు దగ్గరగా, ఇంకా దగ్గరగా వస్తున్నాయి. మనమంటే భయం పోయిందని అందరూ మురిసిపోతున్నారు.

అందరికన్నా వెనకున్న నేను ఊరికే తిరిగి చూశాను. పొద్దున మేం నడిచొచ్చిన పల్లంలో నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. పిట్టలు మాకోసం రావడం లేదు. సముద్రపు పోటు వాటిని తరుముతోంది. వాటికీ మాకూ ఈ కాస్త ఇసుకే మిగిలింది.

బావ చొక్కా పట్టి లాగాను. తల తిప్పలేదు. అప్పుడు గమనించాను. పిట్టలు ఎడమవైపున్నాయి. ఆయన బైనాక్యులర్ కుడివైపు, దూరంగా ఉన్న రేవు మీద ఉంది.

"నాకు తెలుసు," అన్నాడు నా చెవిలో. "ఇందాక ఫోన్ చేసింది రేవుకే, పడవ పంపామన్నారు. ఇంకా కనబడట్లేదు. ఒక్కరు కంగారుపడినా అందరూ ఆ నీళ్లలోకి దిగిపోతారు. ఎవరూ వెనక్కి చూడకుండా ఏదో ఒకటి అడుగు."

నీళ్లు నా మడమలను తాకాయి.

"బావా," అన్నాను, గొంతులోకి నవ్వు తెచ్చుకుని, "ఆ వంకర ముక్కు పిట్ట పేరేంటి?"

తల తిప్పకుండానే అందరూ నన్ను కసిరారు.

"ష్!"