ఓడలో చోటు

"ఎవరయ్యా నువ్వు? ముందు ఆ పెట్టె మీంచి చెయ్యి తియ్యి!"

తమ్ముడి అరుపుకి నీలం చొక్కా మనిషి చెయ్యి తీయలేదు. రెండో చెయ్యి కూడా వేసి పెట్టెను భుజానికెత్తుకున్నాడు.

"ఇది లోపలికే కదమ్మా?" అని అక్కని అడిగాడు.

"లోపలికే" అంది అక్క, ఏమనాలో తోచక.

అతను వెళ్ళి పెట్టెను కంటెయినర్ అంచున దించాడు. లోపల నిలబడి పేరుస్తున్న లారీ డ్రైవరు దాన్ని అందుకున్నాడు. నీలం చొక్కా ఇంకో పెట్టె కోసం వెనక్కి వచ్చాడు.

పొద్దున రేవు బయటి యార్డులో తనిఖీ అన్నారు. కంటెయినర్ తెరిపించి, పళ్ళరసం సీసాల పెట్టెలు సగానికి సగం కిందికి దింపించారు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అంతా సవ్యంగానే ఉంది, ఎక్కించుకోండి" అని అధికారి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. దింపిన కూలీలు ఇంకో పనికి పోయారు. కూలీల్ని పంపాల్సిన ఏజెంటు ఫోనెత్తడం లేదు.

సాయంత్రం రేవు గేటు మూస్తారు. ఆలోగా లారీ లోపలికి వెళ్ళాలి. లేకపోతే ఓడ వీళ్ళ కోసం ఆగదు.

సముద్రం అవతలి దుకాణాలకి ఇదే మొదటి సరుకు. "మొదటిసారే మాట తప్పితే రెండోసారి మాటే ఉండదు" అని వాళ్ళు ముందే తేల్చి చెప్పారు. అక్క వంటింట్లో మొదలైన పళ్ళరసం అది. ఇప్పుడు ఆ వీధిలో పదిళ్ళ పొయ్యిలు దాని మీదే వెలుగుతున్నాయి.

తమ్ముడు అక్క పక్కకి జరిగి గొంతు తగ్గించాడు.

"ఊరికే వచ్చి మోసేవాళ్ళుంటారా అక్కా? కన్నేసే వచ్చుంటాడు. రెండు పెట్టెలు మాయమయ్యాక ఏడుద్దువుగాని."

"మాయం చెయ్యాలన్నా ముందు మొయ్యాలి కదరా. మొయ్యనీ."

ఎండ మాడ్చేస్తోంది. అక్క కొంగు బిగించింది. తమ్ముడు కోపమంతా పెట్టెల మీద చూపిస్తూ ఒకదాన్ని విసురుగా దించాడు. లోపల సీసాలు గలగలమన్నాయి.

"మెల్లగా బాబూ" అన్నాడు నీలం చొక్కా. "రేపట్నించి సముద్రం ఎలాగూ కుదిపేస్తుంది. దాని పని మనమెందుకు చెయ్యడం?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. అక్క కూడా నవ్వింది. పొద్దుట్నించి ఆమె నవ్వడం అదే మొదలు.

తమ్ముడికి మాత్రం ఒళ్ళు మండింది.

"మీకు వేరే పనీపాటా లేదా?"

"ఉంది. సాయంత్రం దాకా కూర్చుని ఎదురుచూడ్డమే పని. కూర్చుంటే కాళ్ళు లాగేస్తున్నాయి."

"ఇంత కష్టం మీకెందుకన్నయ్యా?" అంది అక్క.

"తినేదీ తాగేదీ ఇలా ఎండలో పడుంటే చూడలేను చెల్లెమ్మా."

ఊపిరి దాచుకుని మోశారు. తమ్ముడు కూడా ఎప్పుడు మొదలుపెట్టాడో తెలీదు గానీ, ఆ మనిషి అందిస్తుంటే అందుకుంటున్నాడు.

ఆఖరి వరస పేర్చేసరికి తలుపు పడలేదు. ఒక పెట్టె మూల అడ్డం పడుతోంది. నలుగురూ భుజాలు ఆనించి నెట్టారు. తలుపు పడింది. సీలు బిగిసింది.

లారీ కదిలింది.

అప్పటికే కాపలావాడు గేటు లాగుతున్నాడు!

"అయిపోయిందక్కా" అన్నాడు తమ్ముడు.

లారీ పక్కనుంచి ఎవరో దూసుకుపోయారు. నీలం చొక్కా మనిషే. చెప్పులు ఒకటెక్కడో ఒకటెక్కడో వదిలేసి పరుగెత్తాడు. గేటుకీ స్తంభానికీ మధ్య దూరి నిలబడ్డాడు.

"వచ్చేస్తోందయ్యా, అదిగో! కాస్త ఆగు, నీకు పుణ్యముంటుంది!"

కాపలావాడు విసుక్కున్నాడు. కానీ చెయ్యి ఆపాడు.

లారీ లోపలికి వెళ్ళిపోయింది.

అక్క ఉన్నచోటే నేల మీద చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీలేదు. తమ్ముడు ఆమె పక్కనే కూలబడి, చిన్నప్పటిలా ఆమె భుజం మీద తల ఆనించాడు. అలాగే కూర్చుని చూశారు. దూరంగా క్రేను తమ కంటెయినర్‌ని అగ్గిపెట్టెలా పైకెత్తి ఓడ మీద మెత్తగా దించింది. గుండెల మీంచి కొండ దిగినట్టయింది.

"అక్కా, ఆయన ఏరీ?" అన్నాడు తమ్ముడు ఉన్నట్టుండి.

గేటు దగ్గర లేడు. చెప్పులూ లేవు.

"నోటికొచ్చినట్టు అన్నాను. ఓ మంచి మాటైనా చెప్పలేదు" అంటూ లేచాడు.

ఇద్దరూ యార్డు సూపర్‌వైజర్ గదికి వెళ్ళారు. ఆయన ముఖం విప్పారింది.

"ఎక్కిందమ్మా మీ సరుకు! ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోండి."

"మీ కూలీ పుణ్యమేనండీ. నీలం చొక్కా ఆయన. ఎక్కడుంటాడో చెబితే..." అంది అక్క.

"నీలం చొక్కా కూలీయా? నా దగ్గర అలాంటివాళ్ళు లేరే." ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. "ఓహో, ఆయనా! ఇప్పుడే లారీ ఎక్కి వెనక్కి వెళ్ళిపోయాడు."

"లారీ ఆయనదా?" అన్నాడు తమ్ముడు.

"లారీ కాదు బాబూ, దాని మీద కంటెయినరుందే, దాన్నిండా ఉన్న బిస్కట్లు ఆయనవి. వచ్చే ఓడ దాకా ఆగాలి, పాపం."

"అదేంటండీ, ఈ ఓడకే ఎక్కించలేకపోయారా?" అంది అక్క.

సూపర్‌వైజర్ ఆమె వైపు వింతగా చూశాడు.

"ఓడలో మిగిలింది ఒక్క చోటేనమ్మా. మీరు అందుకోలేకపోతే అది ఆయనదేనని పొద్దున నేనే ఆయనతో చెప్పాను."