అడ్డుపడ్డ మొక్కు

“పొగ ఇంకా వస్తుందన్నా. ఇయ్యాల కూడా ఫెయిలే,” అన్నాడు అఖిల్, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

శేషగిరి లేచి కారు వెనక్కి వెళ్ళాడు. నేలకు ఆనుకున్నట్టుండే పొట్టి ఎర్ర కారు. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించి, ఈ పరాయి దేశంలో, బ్లాక్‌టౌన్‌లోని ఇంటి గరాజులో ఆరేళ్ళపాటు తన చేత్తో బిగించుకున్నాడు. ఏటా తనిఖీకి పెట్టి పింక్ స్లిప్ తీసుకుంటే గాని అది రోడ్డెక్కదు. శుక్రవారంతో గడువు సరి. ఇవాళ బుధవారం.

“ఇదీ ఒక పొగేనా? మా ఇంట్లో టీ కాచినా ఇంతకన్నా ఎక్కువొస్తుంది.”

“పది సెకండ్లు ఆగకుండ వస్తే ఫెయిల్ చెయ్యాలని రూలన్నా. పాస్ చేస్తే నా లైసెన్స్ పోతది.”

“తెలుగువాడివని నీ దగ్గరికి రావడం, నాదే బుద్ధి తక్కువ.”

అఖిల్ బానెట్ ఎత్తాడు. కరీంనగర్ నుంచి చదువుకి వచ్చి మెకానిక్‌గా నిలదొక్కుకున్నవాడు. కార్బ్యురేటర్ మళ్ళీ విప్పాలి, సాయంత్రమవుతుంది, కారు ఇక్కడ వదిలి ఆఫీసుకి వెళ్ళమన్నాడు. సెలవు పెట్టానని శేషగిరి కసిరాడు. ఇస్త్రీ చొక్కాతో షెడ్డులోని నూనె మరకల బల్ల మీదే కూర్చున్నాడు. ఒంటిగంటకి బ్యాగులోంచి భార్య కుసుమ కట్టిచ్చిన క్యారేజీ తీసి తిన్నాడు. నిన్నా మొన్నా కూడా అక్కడే తిన్నాడు.

మధ్యలో ఒక ఫోను వచ్చింది. ఆదివారం కారు చూడ్డానికి వస్తానన్న మనిషి. స్లిప్ సిద్ధమేనా అని అడిగాడు. శేషగిరి గొంతు తగ్గించి, ఉంటుందన్నాడు.

ఆఫీసులు వదిలే వేళకి ఇల్లు చేరాడు. పింక్ స్లిప్ వచ్చిందా అని కుసుమ వాకిట్లోనే అడిగింది. రాలేదని చెప్పి భోజనానికి కూర్చున్నాడు. ఎదురుగా అరటిపండు వలుచుకుంటున్న అత్తగారు జ్ఞానప్రసూన ముఖం వెలిగింది. ఆవిడ తెనాలి నుంచి వచ్చి పదిరోజులే అయింది.

“రాదు బాబూ. నేను మొక్కుకున్నానుగా.”

“ఏమని?”

“మీకు పింక్ స్లిప్ రాకూడదని. హైదరాబాదులో మా అబ్బాయి జయంత్‌కి ఆఫీసులో అదేగా ఇచ్చి, ఉద్యోగం తీసేసి ఇంటికి పంపారు. ఇక్కడ రోజూ మీ నోట అదే మాట. అందుకే రాత్రిపూట అన్నం మానేశాను.”

వారంగా ఆవిడ పళ్ళతో ఎందుకు సరిపెట్టుకుంటోందో అప్పుడర్థమైంది. కుసుమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. శేషగిరి నవ్వలేదు. కంచం ముందుకి తోసేశాడు.

“అందుకేనా మూడు రోజులుగా నా బండి తంతోంది? ఈ దేశంలో పింక్ స్లిప్ అంటే బండి కాగితం అత్తయ్యా. బండి కాగితం. నా ఉద్యోగం ఊసు మీకెందుకు? ఎవరడిగారు మిమ్మల్ని?”

నీళ్ళగ్లాసు దొర్లింది. కుసుమ నవ్వు ఆగిపోయింది.

“తెలియక మొక్కింది. దానికింత కోపమేంటండీ?”

అతను చెయ్యి కడుక్కుని గరాజులోకి వెళ్ళిపోయాడు. ముసలామె సగం వలిచిన పండు అలాగే పట్టుకుని కూర్చుంది.

“పోనీలేవే,” అంది కూతురితో. “రావాలనే మొక్కుతాను.”

గురువారం పొగ సన్నబడింది గాని ఆగలేదు. ఆరేళ్ళు కూర్చుని కట్టింది తనిఖీ చేయడానికి నీకేం తెలుసని శేషగిరి అఖిల్‌ని నలుగురిలో నిలదీశాడు. అఖిల్ మళ్ళీ బండి కింద దూరాడు. శుక్రవారం మధ్యాహ్నానికి పొగ ఆగింది. అఖిల్ కాగితం తీసి చేతిలో పెట్టాడు. పేరుకే పింక్, అచ్చు తెల్ల కాగితం.

శేషగిరి థాంక్స్ చెప్పబోయి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. శుభ్రంగా ఉన్న కారునే ఇంకోసారి తుడిచి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుని బయల్దేరాడు.

జ్ఞానప్రసూన ఆ కాగితం కళ్ళకద్దుకుని దేవుడి ముందు పెట్టింది. భోజనాల దగ్గర మళ్ళీ పండే తెచ్చుకుంది.

“వచ్చిందిగా, అన్నం తినమ్మా,” అంది కుసుమ.

“ఇది బండిది. ఆఫీసుది రాకుండా ఉండాలిగా. ఆ మొక్కు వదల్లేదు.”

శేషగిరి తల ఎత్తకుండా పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

ఆఫీసుది మూడు వారాల కిందటే వచ్చింది.